ఉగాది కవి సమ్మేళనాల నిర్వాహకులకు ఋషికుల్య ఒడ్డు నుంచి ఒక బహిరంగ లేఖ

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం తెలుగు సాహితీ సంఘాల పెద్దలకు నమస్కారాలు.

ఈమధ్య మన వేదికల మీద తాబేలు కవితలు బాగా పెరిగాయి. సంతోషమే. కాకపోతే ఎక్కువ భాగం కూర్మావతారంతో మొదలై, గుడ్లు పెడుతున్న తల్లి కన్నీటితో ముగుస్తాయి. మధ్యలో ఒక ప్లాస్టిక్ సంచి వచ్చిపోతుంది. చప్పట్లు, శాలువా, ఫోటో. ఇవే రోజుల్లో ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పురుణబంధ, గోఖరకుద, పొడంపేట వైపు ఊళ్ళలో, తెలుగు మాట్లాడే బెస్త ఇళ్ళ కుర్రకారు కొందరు ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక మీద రాత్రంతా కాపలా కాసి పగలు పాటలు కడుతున్నారు. ఆ పాటలు మీ దాకా రావడం లేదు. వచ్చినవి పోటీ నిబంధనల దగ్గర ఆగిపోతున్నాయి. వాళ్ళను సభకు పిలిచినప్పుడు కూడా 'తాబేళ్ళను కాపాడే కుర్రాడు' అని పిలుస్తారు గానీ కవి అని పిలవరు. వాళ్ళకు ఈ రెండూ వేరు వేరు పనులు కావు. ఎందుకు కావో, మీ సభల్లో ఏవి మార్చుకోవాలో చెప్పడానికే ఈ లేఖ.

ముందు తేదీ సంగతి. వాళ్ళ ఏడాది చైత్రంతో మొదలవదు, నవంబరు 1తో మొదలవుతుంది. ఆ రోజు నుంచి మే 31 దాకా ఋషికుల్య, దేవి, ధామ్రా మొగల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల చేపల వేట నిషేధం. 1982 నాటి ఒరిస్సా సముద్ర మత్స్య నియంత్రణ చట్టం కింద ఏటా ప్రకటిస్తారు. దీనికి తోడు తూర్పు తీరమంతటికీ ఉన్న 61 రోజుల నిషేధం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అంటే తాబేలుకు కాపలా కాసే పిల్లల ఇళ్ళలో తాబేలు పేరు మీదే రాబడి పడిపోయే నెలలు ఇవి. తండ్రో, అన్నో పని వెతుక్కుంటూ విశాఖపట్నమో కేరళో వెళ్ళిపోతారు. 'తాబేలు నీకు కూడెడుతుందా?' అన్న మాట పడి మరీ వీళ్ళు చీకటి పడ్డాక ఒడ్డుకు బయల్దేరాలి. పర్యావరణం మీద రాయడానికి ఇంతకన్నా గట్టి వస్తువు ఏముంది? మన సంకలనాల్లో ఇది వెతికినా దొరకదు.

డిసెంబరు, జనవరిల్లో తాబేళ్ళు తీరానికి దగ్గరగా గుమిగూడి జతకడతాయి. చచ్చినవి ఒడ్డుకు కొట్టుకొచ్చేదీ అప్పుడే. ఒక్కోదాని చిప్ప పొడవు టేపుతో కొలవాలి, రెక్కకు లోహపు బిళ్ళ ఉంటే దాని నంబరు రాసుకోవాలి, అటవీ సిబ్బందికి చెప్పాలి. కొలిచిన దాని మీద రంగు గుర్తు పెట్టకపోతే మర్నాడు ఇంకొకరు అదే కళేబరాన్ని మళ్ళీ లెక్కేస్తారు. పోటు నీరు అందని చోట లోతుగా పూడ్చాలి. నడుంలోతు తవ్వకుండా పైపైన ఇసుక కప్పితే కుక్కలు లాగేస్తాయి, ఒకసారి రుచి మరిగిన కుక్క ఫిబ్రవరిలో గుడ్ల దగ్గరకే వస్తుంది. జనవరిలో ఒడ్డు శుభ్రం చేసే పని: తెగిపోయిన వల ముక్కలు, థర్మోకోలు, గాజు పెంకులు, వరదకు కొట్టుకొచ్చిన మాన్లు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో దక్షిణపు గాలి ఊపందుకున్న రాత్రులు చూసుకుని గుడ్లు పెట్టడానికి తాబేళ్ళ మంద ఒడ్డెక్కుతుంది. ఎక్కని ఏడాదీ ఉంటుంది. 2023లో 6 లక్షలకు పైగా ఎక్కాయి, 2024లో మంద రాలేదు, 2025 ఫిబ్రవరిలో సుమారు 7 లక్షలు వచ్చాయి. పొదిగే కాలం 45 నుంచి 60 రోజులు. 2025లో ఉగాది మార్చి 30న పడింది. ఫిబ్రవరి మూడో వారంలో పెట్టిన గుడ్లు చిట్లడం మొదలయ్యేది సరిగ్గా ఆ తర్వాతి రోజుల్లోనే. అంటే మీరు షడ్రుచుల పచ్చడి పెట్టి సాయంత్రం ఆరింటికి 'యువ పర్యావరణ కవులు వేదిక మీదకు రావలెను' అని పిలిచే వారం, వాళ్ళు తాబేలు పిల్లలు ఊరి వైపు పోకుండా నాలుగైదు కిలోమీటర్ల పొడవునా వల కంచె కడుతుంటారు. రాలేదని పొగరు అనుకోకండి. ఉగాది తేదీ ఎవరి చేతిలోనూ లేదు గనక ఉగాదిని అలా ఉంచి, ఈ పిల్లల కోసం ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇంకొక సభ పెట్టండి. ఆ నెలల్లో ఇసుక మీద గుడ్లూ ఉండవు, తాబేలు పిల్లలూ ఉండవు. అక్టోబరు వద్దు. మన ఒడ్డుకు అది తుఫాన్ల నెల: 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర దాటింది.

ఇప్పుడు మీ న్యాయనిర్ణేతల మాట. మార్కులు వేసేవాళ్ళు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. తెలియక బహుమతులు తప్పు కవితలకు పోతున్నాయి.

తాబేలు కన్నీరు దుఃఖం కాదు. సముద్రపు నీటితో ఒంట్లో చేరిన ఉప్పును అది కంటి వెనక గ్రంథుల నుంచి బయటికి పంపుతుంది. సముద్రంలో ఉన్నప్పుడూ అలాగే కారుతుంది, నీళ్ళలో మనకు కనబడదు. ఇసుక మీదకొచ్చాక చెంప మీద జిగటగా నిలిచి కనబడుతుంది, కంట్లో పడ్డ ఇసుకనూ కడుగుతుంది. ప్రసవ వేదన అని రాసినవాడు తాబేలును చూడలేదు, అంతకుముందు ఎవరో రాసిన కవితను చూశాడు.

తల్లి తన పిల్లల కోసం ఎదురు చూడదు. వెనక రెక్కలతో ఒకటి మార్చి ఒకటి ఇసుక తోడుతుంది, గుంత మూరెడు లోతు, అడుగున వెడల్పు, పైన ఇరుకు. 100 నుంచి 120 దాకా గుడ్లు పెడుతుంది. ఇసుక కప్పి, ఒళ్ళు అటూ ఇటూ ఊపుతూ పొట్ట చిప్పతో దిమ్మిస వేసినట్టు దబదబా కొట్టి చదును చేస్తుంది. మొత్తం గంట లోపే. వెళ్ళిపోతుంది, ఆ గుడ్ల కోసం మళ్ళీ రాదు. మంద ఎక్కిన రాత్రుల్లో జరిగేది ఇంకా మొరటుగా ఉంటుంది. రెండో రాత్రి వచ్చిన తల్లి, మొదటి రాత్రి తల్లి పెట్టిన చోటే తవ్వుతుంది. పాత గుడ్లు ఎగిరి బయట పడతాయి. మూడో రోజు ఎండకు ఆ ఒడ్డున కుళ్ళిన సొన కంపు ఊరి దాకా కొడుతుంది. 'పాలవెన్నెలలో పవిత్ర ప్రసవం' అని రాసిన కవితలో ఆ కంపు లేదు. ఒడ్డున తిరిగే పిల్లల పాటల్లో ఉంటుంది, దాన్ని మీరు అసభ్యత అని కొట్టేయకండి.

తాబేలు పిల్లలు అలల హోరు విని సముద్రంలోకి పోవు, వెలుగు చూసి పోతాయి. చీకటి ఒడ్డున అన్నిటికన్నా తేటగా ఉండేది సముద్రం మీది ఆకాశపు అంచు. ఊరి వైపు తెల్ల బల్బు వెలిగితే ఆ లెక్క తారుమారవుతుంది. జాతీయ రహదారి దీపాలు, ఫ్యాక్టరీల దీపాలు, రొయ్య పిల్లల కేంద్రాల దీపాలు, ఇంటి వీధరుగు మీది ఎల్‌ఈడీ, అన్నీ లాగేవే. పాత సోడియం దీపపు పసుపు వెలుగు కన్నా తెల్ల ఎల్‌ఈడీ ఎక్కువ లాగుతుంది, అందులో నీలి వెలుగు పాలు ఎక్కువ. ఊరి వైపు నడిచిన పిల్ల తెల్లారేసరికి ఎండకు మాడుతుంది, లేదా కుక్క, కాకి, పీత నోట పడుతుంది.

'పుట్టిన ఇసుకకే తిరిగొచ్చే తల్లి' అన్న మాట అందరికీ ఇష్టం. చాలా మటుకు నిజం కూడా. అయితే 2021లో ఒడిశాలోని గహిర్మఠ దగ్గర బిళ్ళ వేసిన ఒక తాబేలు 2025లో మహారాష్ట్ర గుహాగర్ ఒడ్డున గుడ్లు పెట్టింది. సముద్రం మీదుగా మధ్య దూరం సుమారు 3,500 కిలోమీటర్లు. పుట్టిన గడ్డ మీద మమకారం గురించి రాసేవాడు ఈ ఒక్కదాన్ని గురించి కూడా రాయాలి కదా. పైగా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీసిన గీతకు ఇవతల ఉండిపోయి, ఒడియా బళ్ళలో చదువుకుంటున్న తెలుగు పిల్లలకు ఆ తాబేలు మరీ దగ్గరి చుట్టం.

ఇక ప్లాస్టిక్ సంచి. తాబేలు దాన్ని జెల్లీ చేప అనుకుని మింగడం నిజమే. కానీ ఇక్కడ ఒడ్డుకు కొట్టుకొచ్చే శవాలకు పెద్ద కారణం వల. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. మరబోటు వల గంటల తరబడి అడుగున ఈడ్చినప్పుడు అందులో చిక్కితే మునిగి చస్తుంది. పెద్ద కన్ను వల రాత్రంతా కట్టి వదిలేసినా అంతే. వలలో తాబేలు బయటపడే దారి పెట్టే ఇనుప చట్రం ఉంది, దాన్ని పెట్టమన్న రూలూ ఉంది. దానితో పాటు కొంత చేప, రొయ్య కూడా జారిపోతుందని బోటువాళ్ళ ఫిర్యాదు. ఆ ఫిర్యాదును వెటకారం చేయకుండా, తాబేలు పక్షం వదలకుండా పాట కట్టడం చాలా కష్టం. పట్నంవాడి సంచిని తిట్టడం సులువు. సొంత బాబాయి వల గురించి రాసిన పిల్లకు ఒక మార్కు ఎక్కువ వేయండి.

ఆ పాటలు ఎలా కడతారో కూడా చెప్పాలి. మీ కొలతల్లో అవి ఇమడవు. అలివి వల లాగేటప్పుడు ఒకడు అందుకుంటే మిగతా వాళ్ళు లాగుతూ పలుకుతారు. బలం పడేది పలికే మాట మీద. అందుకని చెప్పవలసిన సంగతి పాదం మొదట్లో పెట్టి, చివర గట్టి క్రియ పెడితే అది నోట్లో నిలుస్తుంది. వలలో చిక్కి కదలకుండా ఉన్న తాబేలుకు ఏం చేయాలో చెప్పే పాట కట్టు ఇలా ఉంటుంది. వరస తెలియడానికి మేమే నాలుగు ముక్కలు కట్టాం:

సచ్చిందనుకోకు, సూడరో — ఐలేసా
ఎల్లకిలా తిప్పొద్దు, ఆపరో — ఐలేసా
తోక యేపు జానెడు లేపరో — ఐలేసా
తడిగుడ్డ యీపు మీద కప్పరో — ఐలేసా
ముక్కు మాత్రం మూయక వొదలరో — ఐలేసా
తొట్టి నీట ఎయ్యకు, నిలపరో — ఐలేసా
పొద్దు పొడిసిందాక కాయరో — ఐలేసా

ఇందులో అలంకారం కోసం వేసిన ముక్క ఒక్కటీ లేదు. మునిగిన తాబేలు చచ్చినట్టే కనిపిస్తుంది గానీ చాలాసార్లు స్పృహ తప్పి ఉంటుంది. దాన్ని పొట్ట కిందికి ఉండేలా పెట్టి, వెనక వైపు కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంచితే ఊపిరితిత్తుల్లో నీరు దిగుతుంది. నీడలో తడిగా ఉంచి, నాలుగు గంటల నుంచి 24 గంటల దాకా చూడాలి. మధ్య మధ్యలో తోకనో కంటి రెప్పనో మెల్లగా తాకితే కదలిక తెలుస్తుంది. వెల్లకిలా తిప్పి పొట్ట మీద నొక్కితే బతికేది కూడా చస్తుంది. స్పృహ లేకుండా నీళ్ళలో వదిలితే మళ్ళీ మునుగుతుంది. ఏ పాదం ఎక్కడ ఉండాలన్నది కూడా ప్రాణం పోయే విషయమే: 'తిప్పొద్దు' అన్నది ముందు రాకపోతే, వినేవాడు మిగతా పాదాలు వినేలోపే తిప్పేస్తాడు. వృత్తం తెలిసిన పండితుడికి గణం తప్పితే ఎంత బాధో, ఇక్కడ వరస తప్పితే అంత నష్టం.

సినిమా పాట వరసలో కట్టొద్దని వాళ్ళకు మేమే చెబుతుంటాం. ఆ వరస వినగానే జనానికి అసలు సినిమా మాటలే నోట్లో ఆడతాయి, మనం పెట్టిన 'తడిగుడ్డ' ఎవరికీ గుర్తుండదు. పైగా ఫోన్లో పెడితే హక్కుల పేరు చెప్పి తీసేస్తారు. నిడివి రెండు మూడు నిమిషాలు దాటొద్దు. పాడేది ఎక్కడంటే వలలు బాగుచేసుకునే చోట, ఐసు పెట్టెలు దించే చోట, గంగమ్మ పండగ నాడు, పెళ్ళి ఊరేగింపులో. గుడ్లు పెట్టే రాత్రి ఒడ్డున మాత్రం పాడరు. అక్కడ చేసేది చీకట్లో నోరు మూసుకుని కూర్చోవడమే.

తాబేలు పిల్లలు గుడ్లు చిట్లి బయటికొచ్చే రాత్రుల పని ఇంకొకటి, కంచె. పనికిరాని వలను రెండడుగుల ఎత్తున కర్రలకు కట్టి ఊరి వైపున నిలబెడతారు. కింది అంచు జానెడు లోతు ఇసుకలో పూడ్చాలి, లేదా పిల్లలు కిందనుంచి దూరిపోతాయి. వల కన్ను పిల్ల తల పట్టనంత చిన్నదై ఉండాలి. కన్ను పెద్దదైతే మెడ చిక్కుకుని పొద్దుటికి ఎండిపోతుంది, కంచె కట్టినవాళ్ళే చంపినట్టవుతుంది. కంచె దగ్గర పోగైన పిల్లల్ని బకెట్లకెత్తాలి. బకెట్లో నీళ్ళు పోయకూడదు. నీళ్ళు తగలగానే అవి ఆగకుండా ఈదడం మొదలుపెడతాయి, ఒడ్డు నుంచి లోతుకు పోవడానికి దాచుకున్న సొన బలం బకెట్లోనే ఖర్చవుతుంది. అడుగున కాస్త తడి ఇసుక చాలు. ఒకదాని మీద ఒకటి గుట్టగా పోస్తే కిందివి ఊపిరాడక పోతాయి. అలల్లోకి విసరకూడదు, నీటికి కొన్ని మీటర్ల ఇవతల తడి ఇసుక మీద వదిలి నడవనివ్వాలి. రోజూ ఒకే చోట వదిలితే చేపలు, కాకులు ఆ చోటు కనిపెట్టేస్తాయి. అక్కడ మనం నడిచేటప్పుడు, పిల్లలు కాలి కింద పడకుండా, పాదం ఎత్తి వేయక ఈడుస్తూ నడవాలి.

చేతికి ఎర్ర దీపమే. మామూలు టార్చికి ఎర్ర సెల్లోఫేను రెండు మూడు పొరలు చుట్టినా సరిపోతుంది. అది కూడా తల్లి గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక, వెనక వైపు నుంచి మాత్రమే. నీటి అంచున ఉండగా తెల్ల వెలుగు పడితే గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది.

ఇదంతా మీకు ఎందుకు చెబుతున్నామంటే, రాత్రి రెండు గంటలకు ఈ పని చేసి ఉదయం పాట కట్టేవాళ్ళలో చాలామందికి తెలుగు లిపి రాదు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. తెలుగు పాటను ఒడియా అక్షరాలతో రాసుకుంటారు, లేదా ఫోన్లో పాడి పెట్టుకుంటారు. మీ ప్రకటనల్లో 'ఎ4 కాగితంపై, ఒకవైపు, డీటీపీ చేయించి, హామీపత్రంతో పంపవలెను' అని ఉంటుంది. ఆ ఒక్క వాక్యంతో మొగ దగ్గరి కవులందరినీ బయట నిలబెట్టేశారు. పాడి పంపిన ఫోన్ రికార్డును కూడా తీసుకోండి, మూడు నిమిషాలు దాటకూడదని మాత్రం పెట్టండి. ఒడియా లిపిలో వచ్చిన తెలుగు పాటను తెలుగులోకి ఎక్కించడానికి రెండు లిపులూ వచ్చిన ఇద్దరు చాలు, అలాంటివాళ్ళు బరంపురంలో వీధికొకరున్నారు. ఎక్కించేటప్పుడు 'యేపు'ను 'వైపు' చేయకండి, 'ఎయ్యకు'ను 'వేయకు' చేయకండి. లయ పోతుంది, పాడేవాడు తన పాటను తానే పోల్చుకోలేడు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండి సవరల భాష నేర్చుకుని సవర పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించాడని మన సభల్లో ఏటా చెప్పుకుంటాం. మొగ దగ్గరి పిల్లలది వేరే భాష కూడా కాదు, మన తెలుగే.

ఇంకొకటి. సభలో పరిచయం చేసేటప్పుడు 'మన గ్రెటా' అనకండి. గ్రెటా థున్‌బెర్గ్ 2018లో బడి మానేసి స్వీడన్ పార్లమెంటు ముందు కూర్చుంది, అది ఆమె నిరసన. ఇక్కడి పిల్ల బడి మానేస్తే అది ఇంటి అవసరం, దానికి ఎవరూ ఫోటో తీయరు. ఈ పిల్లలకు కావలసింది పోలిక కాదు, పరీక్షల నెలలో రాత్రి కాపలా నుంచి సెలవు. 18 ఏళ్ళు నిండనివాళ్ళను రాత్రి వంతుల్లో పెట్టొద్దని మా గట్టి అభిప్రాయం. వాళ్ళకు పగటి పనులు చాలా ఉన్నాయి: శవాల లెక్క, ఒడ్డు శుభ్రం, కంచె కర్రలు చెక్కడం, ఇల్లిల్లూ తిరిగి దీపాలకు రేకు టోపీ పెట్టించడం. పెద్దవాళ్ళ రాత్రి వంతు కూడా చీకటి పడ్డప్పటి నుంచి అర్ధరాత్రి దాకా ఒకటి, అక్కణ్ణుంచి తెల్లారేదాకా ఒకటిగా విడగొట్టాలి. ఒక్కరు ఒంటరిగా తిరగకూడదు. పాములున్నాయి, మొగ దగ్గర పోటుపాట్లకు ఇసుక తిన్నె ఒక్క రాత్రిలో కోసుకుపోతుంది. పొడంపేట ఊరినే సముద్రం కోసేస్తే జనం లోపలికి తరలిపోయారు, అది మీకు తెలిసిందే. ఆ ఊరి మీద ఎలిజీలు వచ్చాయి. కోతకు కారణం రాసినవాళ్ళు తక్కువ: మన తీరంలో ఇసుక మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, దానికి అడ్డంగా రాతి గోడ కడితే గోడకు ఉత్తరాన ఉన్న ఒడ్డుకు ఇసుక అందదు. కుర్రకారు పాటలకు ఇది చక్కటి వస్తువు. భూగోళం చెప్పే మాస్టార్లు మీ సంఘాల్లో ఉంటే ఒక పూట వచ్చి వాళ్ళకు బొమ్మ గీసి చెప్పి వెళ్ళండి.

సరుగుడు మొక్కలు నాటే కార్యక్రమం పెట్టి కవుల చేత నాటిస్తున్నారు. ఎక్కడ నాటుతున్నారో చూడండి. ఊరికీ ఒడ్డుకీ మధ్య వెనగ్గా ఉంటే సరుగుడు తోట దీపాల వెలుగును ఆపుతుంది, మంచిదే. పోటు గీతకు దగ్గరగా నాటితే వేర్లు, రాలిన ఆకు ఇసుకను పట్టేసి తాబేలు తవ్వుకునే జాగా లేకుండా చేస్తాయి. ముందు వరసలో బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు వాటంతట అవే పాకుతాయి. వాటిని కలుపు అని పీకెయ్యకుండా ఉంటే చాలు, ఇసుకను అవే పట్టుకుంటాయి.

డబ్బు విషయం మొహమాటం లేకుండా చెబుతున్నాం. శాలువాలు వద్దు. వాళ్ళ ఇళ్ళలో అవి పెట్టె అడుగుకు పోతాయి. జ్ఞాపికలు వద్దు. ఆ ఖర్చుతో ఎర్ర దీపం ఉన్న తల టార్చీలు, ఛార్జి చేసుకునే బ్యాటరీలు, గమ్‌బూట్లు, గాయాల మందుల పెట్టె, 20 లీటర్ల పెయింటు బకెట్లు ఇవ్వండి. బకెట్లు పాతవైనా పరవాలేదు, లోపల రంగు పూర్తిగా గోకేసి కడిగినవి కావాలి. అలాగే కవికి పారితోషికం అని రాసి పాటకు డబ్బు ఇవ్వండి, 'సేవకు గౌరవం' అని రాయకండి. సేవ అన్న మాట వినపడగానే ఇంట్లోవాళ్ళు డబ్బు రాని పని అని తేల్చేస్తారు. కవితకు డబ్బొచ్చిందని తెలిస్తే రాత్రి బయటికి పంపడానికి కాస్త మెత్తబడతారు. సభ బ్యానరు ఫ్లెక్సీ మీద వేయించకండి. పర్యావరణ కవి సమ్మేళనానికి ఇరవై అడుగుల ప్లాస్టిక్ గుడ్డ కట్టడం ఎందుకో మాకు ఇప్పటికీ బోధపడలేదు. బట్ట మీద రంగుతో రాసేవాళ్ళు బరంపురం బజారులో ఇంకా ఉన్నారు.

ఒడ్డుకు వచ్చి చూస్తామని కొందరు పెద్దలు అడుగుతున్నారు. తప్పకుండా రండి, అటవీ సిబ్బంది అనుమతితో, వాళ్ళు చెప్పిన చోటికే. ఆలివ్ రిడ్లీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి. అనుమతి లేకుండా గుడ్డు ముట్టుకున్నా, పిల్లను చేతిలో పెట్టుకుని ఫోటో దిగినా నేరమే, కవి అయినా సరే. కాబట్టి సభ రోజున ఒక పిల్లను గిన్నెలో పెట్టి వేదిక మీదకు తెమ్మని దయచేసి ఎవరూ అడగకండి. గుంపుగా వస్తే పది మందికి మించొద్దు. ముదురు రంగు బట్టలు కట్టుకోండి, ధవళ వస్త్రాలు ఆ పూటకు ఇంట్లో ఉంచండి. కార్లు ఊళ్ళోనే ఆపి లైట్లు ఆర్పి నడిచి రావాలి. ఫోన్లు జేబులోంచి తీయొద్దు. గుడ్లు తీసి వేరే చోట పెడదామని ఎవరూ చొరవ చేయొద్దు. పెట్టిన కొన్ని గంటలకు పిండం గుడ్డు పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది, ఆ తర్వాత గుడ్డును తిప్పితే చస్తుంది. ఇసుక వేడి కూడా అలాంటిదే: సుమారు 30 డిగ్రీలు దాటితే ఎక్కువగా ఆడవి, తగ్గితే ఎక్కువగా మగవి పుడతాయి. నీడ అని ఒక గుడిసె వేసినా, పచ్చగా ఉంటుందని మొక్క నాటినా ఈ లెక్క మారుతుంది. ఏమీ చేయకుండా కూర్చుని చూడటం వచ్చినవాళ్ళే రండి.

మీరు ఒప్పుకునేవి ఏవి, ఒప్పుకోనివి ఏవి, కార్తీకం దాటకముందే చెప్పండి. సభ తేదీ, రికార్డులు పంపవలసిన నంబరు అప్పటికి తేలితే పాటలు కట్టేవాళ్ళు జనవరి లోపు పాడి పంపేస్తారు. ఫిబ్రవరి వచ్చాక రాత్రిపూట వాళ్ళెవరూ ఫోన్ ఎత్తరు. తెర వెలుగు తెల్లనిది గనక ఒడ్డున ఫోన్లు ఆపి ఉంచుతారు. ఉదయం పదకొండు దాటాక చేయండి, అప్పటికి లేచి ఉంటారు.

ఇట్లు,
ఋషికుల్య మొగ దగ్గర పిల్లలతో కలిసి పనిచేసేవాళ్ళం,
గంజాం జిల్లా, ఒడిశా